ఉభయచర విమానం డిజైన్ సిద్ధం... కంపెనీ పెట్టాలా, ఉద్యోగంలో చేరాలా?

ప్రశ్న: ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇద్దరు మిత్రులతో కలిసి నేల మీదా, నీటి మీదా దిగగలిగే రెండు సీట్ల విమానాన్ని డిజైన్ చేశాం. హల్ (పడవలాంటి అడుగుభాగం) కింద ముడుచుకునే హైడ్రోఫాయిల్స్, అంటే నీటిలో విమానాన్ని పైకి లేపే చిన్న రెక్కలు, దీని ప్రత్యేకత. ఆరో వంతు పరిమాణంలో చేసిన 3 కిలోల రేడియో కంట్రోల్ నమూనా నీటి మీద నుంచి చక్కగా పైకి లేచింది. ఆ వీడియో ఆన్‌లైన్‌లో పెడితే మంచి స్పందన వచ్చింది. చదువు పూర్తవగానే కంపెనీ పెట్టాలనుకుంటున్నాం. ఇంట్లో మాత్రం ముందు ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఏది మంచిది? ఎంఎస్ చేస్తే డిజైన్‌లోనే చేయాలా?

జవాబు: ముందు ఉద్యోగంలోనే చేరండి. అయితే మీ ఇంట్లోవారు ఆలోచిస్తున్న కారణం వేరు, నేను చెప్పే కారణం వేరు. మీ ముగ్గురికీ డిజైన్ చేయడం కొంత తెలిసింది; ఒకే విమానాన్ని వందసార్లు తేడా లేకుండా తయారు చేయడం, అది భద్రమైనదని నియంత్రణ సంస్థకు కాగితం మీద రుజువు చేయడం ఇంకా తెలియదు. ఈ రంగంలో కంపెనీలు ఎక్కువగా దెబ్బతినేది ఆ రెండు చోట్లే. అందువల్ల మీరు వెతకాల్సింది డిజైన్ ఆఫీసులో కుర్చీ కాదు, తయారీ విభాగంలోనో సర్టిఫికేషన్ విభాగంలోనో ఉద్యోగం.

మీ నమూనా ఏం రుజువు చేసిందో, ఏం చేయలేదో ముందు విడదీసి చూసుకోండి. పొడవు ఆరు రెట్లు పెరిగితే బరువు 216 రెట్లు పెరుగుతుంది కాబట్టి 3 కిలోల నమూనాకు సరితూగే అసలు విమానం 648 కిలోలు ఉండాలి. అమెరికాలో నీటి మీద దిగే లైట్ స్పోర్ట్ విమానాలకు చాలాకాలం అమల్లో ఉన్న పరిమితి 1,430 పౌండ్లు, అంటే దాదాపు 649 కిలోలు. కాబట్టి కాగితం మీద మీ లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ నమూనాలో వంద గ్రాములు పొరపాటున తగ్గించి వేసుకున్నా అసలు విమానంలో అది 21 కిలోలు దాటుతుంది. పైగా ఆ 648 కిలోలలోనే ఇద్దరు మనుషులు, ఇంధనం, ముడుచుకునే చక్రాలు, ముడుచుకునే హైడ్రోఫాయిల్స్, వాటిని కదిలించే యంత్రాంగం అన్నీ ఇమడాలి. ఆ బరువు పరిమితిని పక్కనపెట్టి ప్రధానంగా స్టాల్ వేగాన్ని (అంతకంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) ఆధారం చేసుకునే కొత్త నిబంధనలను అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2025 జులైలో ప్రకటించింది. అది మీకు ఊరటే గానీ, మీ పోటీదారులకూ అంతే ఊరట.

నీటి విషయంలో నమూనా చెప్పేది ఇంకా తక్కువ. అలల తీరు సరిపోవాలంటే వేగాన్ని పరిమాణపు వర్గమూలం చొప్పున తగ్గించాలి; అసలు విమానం 50 నాట్ల దగ్గర నీటిని వదిలేట్టయితే మీ నమూనా సుమారు 20 నాట్లకే వదిలి ఉంటుంది. హైడ్రోఫాయిల్‌కు అసలు పరీక్ష ఎదురయ్యేది ఆ పై వేగాల్లోనే. ఫాయిల్ పైభాగంలో ఒత్తిడి పడిపోయి నీరు ఆవిరి బుడగలుగా మారితే లిఫ్ట్ ఒక్కసారిగా తగ్గిపోవచ్చు. ఈ కావిటేషన్ మీ నమూనాలో కనబడే అవకాశమే లేదు. తుంపర్ల సంగతీ ఇంతే. తలతన్యత పరిమాణంతో పాటు తగ్గదు కాబట్టి, చిన్న నమూనా నుంచి ఎగసే తుంపర్లను చూసి పెద్ద విమానం ప్రొపెల్లర్‌కు ఎంత నీరు తగులుతుందో అంచనా వేయలేం.

తుంపర్లకు అందకుండా ఇంజిన్‌ను పైకి ఎత్తితే థ్రస్ట్ రేఖ (ప్రొపెల్లర్ తోపు పనిచేసే రేఖ) గరిమనాభికి చాలా పైన పడుతుంది. పవర్ పెంచిన ప్రతిసారీ ముక్కు కిందికి వంగుతుంది. దాన్ని సరిచేయడానికి తోకను పెంచితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే హల్ మరింత లోతుకు దిగుతుంది, టేకాఫ్‌కు ముందు వచ్చే 'హంప్' దశలో నీటి నిరోధం ఇంకా ఎక్కువవుతుంది, అప్పుడు ఇంకా పెద్ద ఇంజిన్ కావాలనిపిస్తుంది. ఉభయచర విమానంలో ఏ ఒక్క మార్పూ ఒంటరిగా రాదు.

ఇవన్నీ దాటినా తయారీ అనే గడప మిగిలే ఉంటుంది. ఐకాన్ కంపెనీ, అది చేసిన ఎ5 ఉభయచర విమానం చరిత్రను మీరు ముగ్గురూ కూర్చుని చదవాలి. 2006లో మొదలైన కంపెనీ అది. 2008లో పూర్తి పరిమాణపు నమూనా ఎగిరింది. స్పిన్‌లోకి (గిరగిర తిరుగుతూ కిందికి పడే స్థితిలోకి) జారని రెక్క కోసం బరువు పరిమితి నుంచి 2013లో ప్రత్యేక మినహాయింపు కూడా సంపాదించింది. వెయ్యికి పైగా బుకింగ్‌లు వచ్చాయి. డిజైన్‌ను మెచ్చుకోనివారు లేరు. అయినా తొలి ఉత్పత్తి విమానాన్ని అప్పగించడానికి 2015 వచ్చింది. మరుసటి సంవత్సరం తయారీ పద్ధతి, సరఫరా ఇంకా నిలకడకు రాలేదంటూ ఉత్పత్తిని బాగా తగ్గించి సిబ్బందిని తొలగించాల్సి వచ్చింది. మొదట్లో 1,39,000 డాలర్లుగా చెప్పిన ధర 2017 చివరికి 3,89,000 డాలర్లకు చేరింది. 2024 ఏప్రిల్‌లో కంపెనీ దివాలా రక్షణ కోరింది. అక్కడ ఉన్నవారు సామాన్యమైన ఇంజినీర్లు కారు, డబ్బుకూ మరీ కొరత లేదు. అందుకే ఆ కథను అసమర్థతగా కొట్టిపారేయకండి.

తయారీలో ఇంత కష్టం ఏముంటుందని మీకు అనిపించవచ్చు. ఒక్క బ్రాకెట్‌ను తీసుకోండి. కార్బన్ ఫైబర్ హల్‌కు అల్యూమినియం బ్రాకెట్‌ను నేరుగా బిగిస్తే ఉప్పునీటిలో ఆ రెండూ కలిసి బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తాయి. కాబట్టి మధ్యలో ఒక గ్లాస్ ఫైబర్ పొర వేస్తారు, బోల్టు చుట్టూ సీలెంట్ పెడతారు. ఆ పొర బ్రాకెట్ అంచు కంటే కాస్త బయటికి రావాలని డ్రాయింగ్ చెబుతుంది. మోల్డ్‌లో (అచ్చులో) పొరలు పేర్చే మనిషి దాన్ని కొద్దిగా పక్కకు వేసినా పెయింట్ పడ్డాక పైకి ఏమీ తెలియదు; విమానం కొన్నాళ్లు ఉప్పునీటిలో తిరిగాక తెలుస్తుంది. దీన్ని ఆపాలంటే ఆ పొర ఎక్కడ పడాలో చూపే గుర్తు మోల్డ్‌లోనే ఉండాలి, వాక్యూమ్ బ్యాగ్ వేయకముందే ఇంకొకరు తనిఖీ చేసి సంతకం పెట్టాలి, ఏ రోల్ నుంచి ఆ పొరను కత్తిరించారో రికార్డు ఉండాలి. ఇలాంటి జాగ్రత్త అవసరమైన చోట్లు ఒక్క విమానంలోనే లెక్కకు మిక్కిలి. నమూనా చేసినప్పుడు ఆ మనిషి, తనిఖీదారు, రికార్డు అన్నీ మీరే. అందుకే కష్టం తెలియలేదు.

సర్టిఫికేషన్ కూడా ఈ పనితో ముడిపడినదే. పూర్తిస్థాయి సర్టిఫికేషన్ పద్ధతిలో డిజైన్ భద్రమైనదని చెప్పేది టైప్ సర్టిఫికెట్. అదే డిజైన్‌ను ప్రతిసారీ తేడా లేకుండా తయారు చేయగలరని చెప్పేది ప్రొడక్షన్ సర్టిఫికెట్. మొదటిది చేతికి వచ్చినంత మాత్రాన విమానాలు బయటికి రావు. జర్మనీలో కాంపోజిట్ (ఫైబర్ పొరలతో చేసే) హల్‌తో రూపొందిన ఉభయచర విమానం డోర్నియర్ సీస్టార్ 1984లోనే ఎగిరింది, 1990లో జర్మనీ సర్టిఫికెట్, 1991లో అమెరికా సర్టిఫికెట్ పొందింది, కానీ డబ్బు చాలక ఉత్పత్తి దశకు చేరలేదు. కొత్త తరం సీస్టార్ 2020 మార్చి 28న ఎగిరింది. ఫ్రాన్స్‌లో హెన్రీ ఫాబ్ర్ నీటి మీద నుంచి తొలి విమానాన్ని లేపి ఆనాటికి సరిగ్గా 110 ఏళ్లు. ప్రభుత్వ అండ ఉంటే త్వరగా అయిపోతుందనుకోనక్కర్లేదు. చైనా ఎజి600 విమానం 2017 డిసెంబరులో నేల మీద నుంచి, 2018 అక్టోబరులో నీటి మీద నుంచి లేచింది. టైప్ సర్టిఫికెట్ 2025 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ ఏడేళ్లూ జీతాలు ఎవరిస్తారన్నదే మీలాంటి చిన్న కంపెనీకి అసలు ప్రశ్న.

ఇక మీరు చేరాల్సిన చోటు. చిన్న విమానాలు తయారు చేసే సంస్థ దొరికితే అది మొదటి ఎంపిక. లేకపోతే కాంపోజిట్ భాగాలు చేసి ఇచ్చే సరఫరాదారు. పెద్ద సంస్థలో పేరు ఉంటుంది గానీ మొదటి మూడేళ్లూ ఒక తలుపు కీలు దగ్గరే గడిచిపోవచ్చు. చిన్నచోట మోల్డ్ దగ్గరి నుంచి తుది తనిఖీ దాకా అన్నీ కంటపడతాయి. మాన్యుఫాక్చరింగ్ ఇంజినీర్, క్వాలిటీ ఇంజినీర్, సర్టిఫికేషన్ ఇంజినీర్ పోస్టులకు దరఖాస్తు చేయండి. బరువు లెక్కలు చూసే వెయిట్స్ ఇంజినీర్ పోస్టు వస్తే వదులుకోవద్దు. ఆ కుర్చీని పెద్దగా ఎవరూ కోరుకోరు కానీ, ఏ విభాగం ఎక్కడ గ్రాములు పెంచుతోందో ముందుగా తెలిసేది అక్కడే. వీలైతే ముగ్గురూ మూడు వేర్వేరు విభాగాల్లో చేరండి. నాలుగేళ్ల తర్వాత కలిసినప్పుడు మీ దగ్గర ఒక డిజైన్‌తో పాటు ఒక చిన్న కంపెనీకి కావాల్సిన అనుభవమూ ఉంటుంది.

ఎంఎస్ ఇప్పుడే వద్దు. రెండేళ్ల ఉద్యోగం తర్వాత చేస్తే కాంపోజిట్ స్ట్రక్చర్స్ గానీ, టోయింగ్ ట్యాంక్ (నమూనాలను నీటిలో లాగి పరీక్షించే పొడవైన తొట్టి) ఉన్న విశ్వవిద్యాలయంలో హైడ్రోడైనమిక్స్ గానీ తీసుకోండి. మీ ఫాయిల్స్‌ను అక్కడ ప్రాజెక్టుగా పరీక్షించుకోవచ్చు. ఆ పరీక్ష మీ ఆలోచన తప్పని తేల్చినా మంచిదే, కంపెనీ పెట్టకముందే తెలుస్తుంది.

రెండు పనులు మాత్రం ఈ నెలలోనే చూడండి. చాలా దేశాల్లో దరఖాస్తుకు ముందే బయటపెట్టిన ఆవిష్కరణకు పేటెంట్ దక్కదు. అమెరికా వంటి కొన్ని దేశాలే ఏడాది గడువు ఇస్తాయి. మీ వీడియోలో ఫాయిల్స్ ముడుచుకునే విధానం ఎంతవరకు కనిపిస్తోందో, దాన్ని ఏ తేదీన పెట్టారో రాసుకుని పేటెంట్ న్యాయవాదిని కలవండి, అప్పటిదాకా కొత్త వీడియోలు పెట్టకండి. రెండోది ఉద్యోగ ఒప్పందం. ఉద్యోగి చేసే ఆవిష్కరణలన్నీ సంస్థకే చెందుతాయనే నిబంధన ఈ రంగంలో సాధారణం. సంతకం చేయడానికి ముందే మీ డిజైన్‌ను, డ్రాయింగ్‌ల తేదీలతో సహా, 'ఉద్యోగానికి ముందే ఉన్న పని'గా ఒప్పందంలో నమోదు చేయించండి. అందుకు ఒప్పుకోని సంస్థ అయితే ఇంకో చోట ప్రయత్నించండి.