పాతిక వేల వరద సాయం అందాక ఇంటి బీమా అవసరమా?

ప్రశ్న: విజయవాడ సింగ్‌నగర్‌లో మాకు కింది అంతస్తు సొంత ఇల్లు ఉంది. 2024 వరదలో సామాను, తలుపులు, వైరింగ్ పాడై సుమారు 3 లక్షలు నష్టపోయాం. ప్రభుత్వం 25,000 ఇచ్చింది. ‘మా పన్నులతో మీ ఇళ్లు బాగుచేయించుకున్నారు’ అని గుంటూరులో ఉండే మా బావగారు ఎత్తిపొడుస్తున్నారు. ఆయన మాట న్యాయమేనా? ప్రభుత్వం ఎలాగూ ఇస్తున్నప్పుడు నేను బీమా కట్టాలా?

జవాబు: ఆ సొమ్ముతో ఇల్లు బాగుపడలేదని మీ లెక్కే చెబుతోంది, మీకు అందినది నష్టంలో పన్నెండో వంతు మాత్రమే. కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం వేసే రాష్ట్ర విపత్తు స్పందన నిధి నిబంధనల్లో మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికే 1.20 లక్షలు, బట్టలకూ వంటపాత్రలకూ కుటుంబానికి 2,500 చొప్పున ఉండేవి. అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వం ఈ కొలతలు దాటి కింది అంతస్తుకు 25,000, పై అంతస్తులకు 10,000 ఇచ్చింది. అయినా అది పొయ్యి వెలిగించుకోవడానికి ఇచ్చే ఆసరాయే తప్ప నష్టపరిహారం కాదు.

ఆ ఆసరాను పన్నులు కట్టేవారు భరించడం న్యాయమేనని నా అభిప్రాయం. కృష్ణలో ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ రోజుల్లో బుడమేరు వాగు డైవర్షన్ కాలువ గట్టుకు మూడు గండ్లు పడి, ఆ నీళ్లే మీ సింగ్‌నగర్‌ను ముంచాయి. ఆ గట్టును కాపాడడం ఏ ఇంటి యజమాని చేతిలోనూ లేదు. పైగా మీరూ పన్ను కడుతున్నవారే కదా! అయితే బీమా కట్టే స్తోమత ఉన్న ఇంటివారి ఫ్రిజ్, మంచాలు, టైల్స్ కూడా ఖజానా నుంచే రావాలంటే మాత్రం నేను ఒప్పుకోను. అక్కడ మీ బావగారి పక్షమే నాది.

కనుక బీమా తీసుకోండి. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా సంస్థలు ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే తరహా పాలసీ ఇస్తున్నాయి. వరద నష్టం అందులో కలిసే ఉంటుంది. స్థలం విలువ లెక్కలోకి రాదు, తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చుకే బీమా. 1,200 చదరపు అడుగుల ఇంటికి అడుగుకు 2,000 చొప్పున వేసుకుంటే 24 లక్షలు అవుతుంది. అందులో 20 శాతం, అంటే 4.80 లక్షల వరకు, సామానుకు విడిగా జాబితా ఇవ్వకుండానే రక్షణ దొరుకుతుంది (దీనికి గరిష్ఠ పరిమితి 10 లక్షలు). మీ సామాను నష్టం ఆ మొత్తంలోనే ఇమిడేది. నగలకు మాత్రం విడిగా అడిగి తీసుకోవాలి. గృహరుణం ఉంటే బ్యాంకు అంటగట్టిన పాలసీ బయటికి తీసి చూడండి. చాలాసార్లు అది మీ ప్రాణానికో, గోడలకో చేసిన బీమాయే అవుతుంది, సామాను అందులో ఉండదు.

వాహనాలు ఈ పాలసీలోకి రావు. మీ బండికి థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే వరదలో మునిగినా పైసా రాదు. సమగ్ర పాలసీకి మారండి. కారు ఉంటే ఇంజిన్ రక్షణ కూడా జోడించుకోండి, నీటిలో ఆగిన బండిని స్టార్ట్ చేయడం వల్ల చెడిన ఇంజిన్‌కు మామూలు పాలసీలో క్లెయిమ్ సాధారణంగా రాదు.