పక్క ఊరి కుర్రాడు నాయిబ్ సుబేదార్ అయ్యాడు, మావాడు ఎందుకు కాలేదు?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని, మార్కాపురం దగ్గర ఉంటాం. మా అబ్బాయి ఆర్మీలో, వాహనాలూ ఆయుధాలూ బాగుచేసే ఈఎంఈ విభాగంలో హవల్దార్. వెహికల్ మెకానిక్, 17 ఏళ్ల సర్వీసు, వయసు 36. అదే ఏడాది చేరిన పక్క ఊరి కుర్రాడు పై ర్యాంకు, నాయిబ్ సుబేదార్ అయ్యాడు. మావాడికి అన్యాయం జరిగిందా? సర్వీసు, ప్రమోషన్ల కాగితాలు చూసే రికార్డ్ ఆఫీసు సికింద్రాబాద్‌లోనే కదా, ఎవరినైనా కలవమంటారా? లేక పెన్షన్ మీద వచ్చేసి బ్యాంకు ఉద్యోగం చూసుకోవడం మేలా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: మాస్టారూ, ముందు సికింద్రాబాద్ సంగతి. ఎవరినీ కలవొద్దు. "నాకు రికార్డ్స్‌లో తెలిసినవాళ్లున్నారు, రెండు లక్షలిస్తే పేరు పైకి జరుపుతా" అనేవాడు మీలాంటి తండ్రి కోసమే తిరుగుతుంటాడు. డబ్బు పోవడం ఒక్కటే అయితే సరే అనుకోవచ్చు, విషయం బయటపడితే మీ అబ్బాయి సర్వీసుకే మచ్చ.

ఆ పక్క ఊరి కుర్రాడి ట్రేడ్ ఏంటో కనుక్కున్నారా? కనుక్కుని ఉండరు. మీ విద్యాశాఖలో స్కూల్ అసిస్టెంట్ ప్రమోషన్లు సబ్జెక్టు వారీగా రాలేదా, లెక్కల పోస్టు ఖాళీ అయితే తెలుగు పండిట్‌కి ఇచ్చారా? అక్కడా అంతే. వెహికల్ మెకానిక్‌ల సీనియారిటీ వేరు, ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్లది వేరు, క్లర్కులది వేరు. పైన ఎవరో రిటైరైతేనో, ప్రమోషన్ మీద వెళ్తేనో కింద ఖాళీ వస్తుంది. కొన్ని ట్రేడుల్లో వరుస చకచకా కదులుతుంది, కొన్నింట్లో ఏళ్ల తరబడి కదలదు. ఒకే రోజు ట్రైనింగ్‌లో చేరిన ఇద్దరికి మూడు నాలుగేళ్ల తేడా రావడం మామూలే, అందులో ఎవరి తప్పూ ఉండదు.

అలాగని వరుసలో నిలబడితే చాలు, భుజం మీద నాయిబ్ సుబేదార్ స్టార్ అదే వస్తుందని కాదు. నాయక్, హవల్దార్ దాకా ఎలాగో నెట్టుకొచ్చినా, జేసీవో (నాయిబ్ సుబేదార్ నుంచి సుబేదార్ మేజర్ దాకా ఉండే ర్యాంకులు) కావాలంటే కేడర్ అనే ప్రమోషన్ కోర్సు పాసవ్వాలి, చదువు సర్టిఫికెట్లు ఉండాలి, గత కొన్నేళ్ల ఏసీఆర్‌లు, అంటే పై అధికారులు ఏటా రాసే రిపోర్టులు బాగుండాలి, రికార్డులో ఎర్ర సిరా, అంటే శిక్ష నమోదు, పడకూడదు, మెడికల్‌గా షేప్-1, అంటే పూర్తి ఫిట్ కేటగిరీ ఉండాలి. ఇవన్నీ చూసి బోర్డు పేరు ఓకే చేస్తుంది. ఇందులో జనం తేలిగ్గా తీసుకునేది మెడికల్. మంచి ఏసీఆర్‌లు ఉండి, బీపీ వల్లో బరువు వల్లో కేటగిరీ పడిపోయి ఆగిపోయినవాళ్లు నా దగ్గరికి చాలామంది వచ్చారు. సెలవుకి వచ్చిన కొడుక్కి నెలంతా అరిసెలూ వేటమాంసం పెట్టి పంపించే ఇళ్లు మనవే కదా. ఈసారి కాస్త తగ్గించండి.

ఇక బ్యాంకు. ఇప్పుడు ప్రతి హవల్దార్ ఫోన్లోనూ ఇదే మాట. 15 ఏళ్లు నిండితే పెన్షన్ ఖాయం, ప్రభుత్వ బ్యాంకుల క్లర్కు పోస్టుల్లో మాజీ సైనికులకు 14.5 శాతం ఉంది, పెన్షన్‌కి తోడు జీతం, పైగా సొంత ఊరు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది, కొందరికి నిజంగానే కుదిరింది కూడా. నాకున్న అనుమానాలు వేరే. కోటా ఉన్నంత మాత్రాన పరీక్ష మాయమైపోదు, పదిహేడేళ్లు ఇంజిన్లు విప్పిన చేతికి గడియారంతో పోటీపడి రీజనింగ్ లెక్కలు చేయడం ఒక్క నెలలో అలవాటు కాదు. ఒకవేళ వచ్చినా, నలభై దగ్గరలో కౌంటర్ వెనక కూర్చుని పాతికేళ్ల మేనేజర్ దగ్గర సెలవు అడగాలి. అది నామోషీ అని నేననను, కానీ మీ అబ్బాయికి అనిపిస్తుందో లేదో మీరు అడిగారా? సొంత ఊరంటారా, మార్కాపురం బ్రాంచే ఇస్తామని ఏ బ్యాంకూ రాసివ్వదు.

ఇంకో లెక్క ఎవరూ చూడరు. ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నవాళ్లకి ఎప్పుడు రిటైరైనా ఒకే పెన్షన్ ఇచ్చే వన్ ర్యాంక్ వన్ పెన్షన్, తనంతట తానే అడిగి ముందే వచ్చేసేవాళ్లకి వర్తించదు. ఇప్పుడు వచ్చేస్తే ఆ లాభం లేకుండా 17 ఏళ్ల హవల్దార్ పెన్షన్‌తోనే సరిపెట్టుకోవాలి. హవల్దార్‌గానే ఉండిపోయినా 24 ఏళ్ల దాకా సర్వీసు ఉంది, పొడిగింపు కోసం చేసే స్క్రీనింగ్ దాటితే ఇంకో రెండేళ్లు. 24 ఏళ్లు నిండితే స్టార్ లేకపోయినా ఎంఏసీపీ (ప్రమోషన్ రాకపోయినా సర్వీసును బట్టి జీతం పెంచే పథకం) కింద నాయిబ్ సుబేదార్ పే లెవెల్ వస్తుంది. కాకపోతే మధ్యలో కోపంతో "నాకు ప్రమోషన్ వద్దు" అని సంతకం పెడితే అదీ పోతుంది. ఇంట్లోవాళ్ల పోరు పడలేక ఆ కాగితం ఇచ్చేసినవాళ్లున్నారు.

ఆర్మీ కేడెట్ కాలేజ్ (ఏసీసీ) ద్వారా ఆఫీసర్ కావడానికి వయసు 27 దాటకూడదు కాబట్టి ఆ ఆశ వదిలేయండి. జేసీవోల్లో అన్నిటికన్నా పై ర్యాంకు సుబేదార్ మేజర్ మాట కూడా ఇప్పుడే ఎత్తకండి, మామూలుగా ఒక యూనిట్ మొత్తానికి అలాంటాయన ఒక్కరే ఉంటారు.

పోల్చి చెప్పమన్నారు, నేను సగమే పోల్చాను, తెలుసు. మాస్టారూ, కోపం తెచ్చుకోకండి, మీ ఉత్తరంలో పక్క ఊరి కుర్రాడి మాట ఉంది, మీ అబ్బాయి ఏమనుకుంటున్నాడో ఒక్క వాక్యం లేదు. పెళ్లిళ్లలో నలుగురూ అడిగితే ఏం చెప్పాలన్నది మీ టెన్షన్, దాన్ని ఫోన్లో అతనికి ఎక్కించకండి. పదిహేడేళ్లలో హవల్దార్ అంటే వెనకబడ్డట్టు కాదు. 36 ఏళ్లకే అతని చేతిలో ఖాయమైన పెన్షన్ ఉంది, జేసీవో అయ్యే దారీ ఇంకా తెరిచే ఉంది.

ఈసారి ఫోన్ చేసినప్పుడు మూడే అడగండి: మీ ట్రేడ్ సీనియారిటీలో నీ ముందు ఎంతమంది ఉన్నారు, కేడర్ అయిందా, మెడికల్ కేటగిరీ ఏంటి. ముందు పది పదిహేను మందే ఉండి మిగతా రెండూ సరిగ్గా ఉంటే, రెండు మూడేళ్లు బ్యాంకు మాట ఎత్తకండి. వందమంది ఉన్నారన్నా, కేటగిరీ పడిపోయిందన్నా అప్పుడు మళ్లీ రాయండి, బ్యాంకు సంగతి వివరంగా మాట్లాడుకుందాం. ఆ ఫోన్లో కోడలిని కూడా మాట్లాడనివ్వండి. పిల్లలతో ఒంటరిగా నెట్టుకొస్తోంది ఆవిడ, ఇంకో పదేళ్లు అలా ఉండగలదో లేదో ఆవిడే చెప్పాలి.