ప్రారంభోపన్యాసమా, పదవీ స్వీకార ప్రసంగమా?

సందేహం: కోచింగ్‌లో అనువాదం ఇస్తే నేనిలా రాశాను: "ఆర్థిక మాంద్యత రోజుల్లో రూజ్‌వెల్ట్ తన ప్రారంభోపన్యాసంలో, మనం భయపడవలసిన ఏకైక విషయం భయం మాత్రమే అన్నారు." సార్ మూడుచోట్ల ఎర్రగీత పెట్టి ఊరుకున్నారు. తప్పేమిటి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మూడూ దిద్దాల్సినవేనమ్మా.

'మాంద్యత' సంగతి తేలిక. మంద నుంచి మాంద్యం వచ్చింది, మందంగా ఉండటమనే భావం అందులోనే ఉంది, దానికి మళ్లీ 'త' ఎందుకు? అగ్నిమాంద్యం అంటాం, అగ్నిమాంద్యత అనం కదా. మీ మిర్చి యార్డులో కొనుగోళ్లు మందగించాయంటారే, ఆ మందమే ఇది. నన్నడిగితే ఇక్కడ సంక్షోభం అనే మాట ఇంకా బాగుంటుంది. అమెరికాలో 1929 నుంచి ఈడ్చుకొస్తున్నది మాంద్యం. 1933 మార్చి 4న రూజ్‌వెల్ట్ అక్కడి అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికి పనిచేయగలవాళ్లలో దాదాపు నలుగురికి ఒకరు ఖాళీగా ఉన్నారు, జనం డబ్బు కోసం బ్యాంకుల మీద పడుతున్నారు, చాలా రాష్ట్రాల్లో బ్యాంకులు తలుపులు మూసేశాయి. ఆ కుదుపు, ఆ కలత 'క్షోభ'లో పలుకుతాయి.

ప్రారంభోపన్యాసం అంటే సభనో సదస్సునో ప్రారంభించే పెద్దమనిషి చేసేది. రూజ్‌వెల్ట్ ప్రారంభించింది సభను కాదు, చేపట్టింది పదవిని. మన విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో 2019 మే 30న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేసి అక్కడే మాట్లాడారు, దాన్ని ప్రారంభోపన్యాసం అంటే మీకే ఎబ్బెట్టుగా ఉండదూ? పదవీ స్వీకార ప్రసంగం అనండి.

ఇక అసలైనది మూడోది. 'ఏకైక' అన్నాక 'మాత్రమే' అనవసరం, అది సరే. అసలు ఆ వాక్యం నడకే ఇంగ్లీషుది. పాతకాలపు తెలుగులో పులి వలన భయం, బాలవ్యాకరణం కూడా భయానికి 'వలన'నే చెబుతుంది. ఇవాళ మనం మాట్లాడే తెలుగులో భయపడటం 'కి, కు' అడుగుతుంది: పరీక్షకు భయపడతాం, నాన్నకు భయపడతాం. అలాగే "మనం భయపడాల్సింది ఒక్క భయానికే." ఆ చివరి 'ఏ' చూడండి, మీరు 'ఏకైక'తోనూ 'మాత్రమే'తోనూ చెప్పాలనుకున్నదంతా ఆ ఒక్క అక్షరం మోసేస్తుంది. ఆ మాట ఆ రోజుకు ఎంత సూటిగా తగిలిందో కూడా పట్టుకోవాలి: దాచుకున్న డబ్బు పోతుందేమోనని అందరూ ఒక్కసారే బ్యాంకుకు పరిగెత్తితే, నిక్షేపంలాంటి బ్యాంకు కూడా ఆ పరుగుకే మూతపడుతుంది. భయమే నష్టం తెచ్చిపెడుతుంది. అందుకే ఆయన మార్చి 6న దేశమంతా బ్యాంకులకు సెలవు ప్రకటించి, 12న రేడియోలో జనానికి మామూలు మాటల్లో విడమరిచి చెప్పారు.

ఇలా తిరగరాసి మీ సార్‌కు చూపించండి: "ఆర్థిక సంక్షోభం ముదిరిన రోజుల్లో రూజ్‌వెల్ట్ పదవీ స్వీకార ప్రసంగం చేస్తూ, మనం భయపడాల్సింది ఒక్క భయానికే అన్నారు."