వెల్టర్‌వెయిట్‌ల గురించి రాస్తున్న తమ్ముడికి

టి. నగర్, చెన్నై

తమ్ముడూ,

వెల్టర్‌వెయిట్ (147 పౌండ్ల తరగతి) బాక్సర్లలో ఎవరు గొప్ప అన్న నీ వ్యాసం అందింది, నిదానంగా చదివాను. రాబిన్సన్, లియొనార్డ్, మేవెదర్, క్రాఫర్డ్ నలుగురినీ వరసగా నిలబెట్టి, గెలుపోటముల పట్టిక వేసి, 50-0 రికార్డు చూసి మేవెదర్‌కి మొదటి స్థానం కట్టబెట్టావు. నీ వాక్యం చదివిస్తుంది. ఆ గుణం ఒకరు నేర్పితే వచ్చేది కాదు. వీళ్ల గురించి తెలుగులో రాసేవాళ్లే తక్కువ, రాస్తున్న నువ్వైనా బాగా రాయాలన్న ఆరాటం కొద్దీ ఇంత పొడుగు ఉత్తరం.

ముందు ఆ పట్టిక సంగతి. మేవెదర్ 1996 నుంచి 2017 దాకా 50 ఫైట్లు ఆడాడు. షుగర్ రే రాబిన్సన్ 1943 ఫిబ్రవరి ఒక్క నెలలో ఏం చేశాడో చూడు. 5న డెట్రాయిట్‌లో, తనకంటే సుమారు 16 పౌండ్లు బరువెక్కువున్న జేక్ లమోటా చేతిలో ఓడాడు. అంతకుముందు ఆడిన 40 ఫైట్లూ గెలిచినవాడికి అది మొదటి ఓటమి. 19న న్యూయార్క్‌లో జాకీ విల్సన్ మీద గెలిచాడు. 26న మళ్లీ డెట్రాయిట్ వెళ్లి అదే లమోటాని ఓడించాడు. మర్నాడు సైన్యంలో చేరాడు! ఇప్పటి చాంపియన్ ఏడాదికి ఒకటో రెండో ఆడతాడు. ఒక్కసారి ఓడితే గిరాకీ పడిపోతుందని అతని మనుషులు ప్రతి ప్రత్యర్థినీ లెక్కలేసి ఎంచుతారు. ఆ రోజుల్లో రెండు వారాలు తిరక్కుండా మళ్లీ గ్లవ్స్ తొడుక్కోవాల్సిందే. రాబిన్సన్ పేరు పక్కన కనిపించే 19 ఓటముల్లో చాలావరకు ఇంకా బరువైన తరగతి మిడిల్‌వెయిట్‌లో, వయసు మళ్లాక వచ్చినవి. 1951లో లండన్‌లో రాండీ టర్పిన్ చేతిలో ఓడేదాకా, లమోటా దగ్గర పోయిన ఆ ఒక్కటి తప్ప ఆయనకి వేరే ఓటమే లేదు.

ఇంకో మాట. అంతటివాడికీ వెల్టర్‌వెయిట్ టైటిల్ 1946 డిసెంబరులో గానీ దక్కలేదు, అప్పటికి 70కి పైగా ఫైట్లు అయిపోయాయి. బెల్టుల లెక్కతో పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకో. నాలుగు సంస్థలు నాలుగు బెల్టులు ఇచ్చే కాలానికీ, ఉన్న ఒక్క కుర్చీ కోసం ఏళ్లతరబడి కాచుకున్న కాలానికీ చాలా తేడా ఉంది. పిట్స్‌బర్గ్‌కి చెందిన చార్లీ బర్లీ సంగతైతే మరీ అన్యాయం. తర్వాత చాంపియన్ అయిన ఫ్రిట్జీ జివిక్‌ని ఓడించాడు, తనకన్నా బరువైన ఆర్చీ మూర్‌నీ ఓడించాడు. ప్రపంచ టైటిల్ ఫైట్ ఒక్కటీ రాలేదు. బాక్సింగ్ మానేశాక నగరపాలక సంస్థలో చెత్త ఎత్తే పనికి వెళ్లాడు. నీ పట్టికలో ఆయనకి చోటు లేదు. వ్యాసంలో ఉండి తీరాలని నా పట్టు.

రాబిన్సన్ ఫుట్‌వర్క్ మీద నీ పేరా బాగుంది, కానీ నువ్వు వర్ణించింది 1950ల మిడిల్‌వెయిట్ రాబిన్సన్‌ని. జీన్ ఫుల్మర్‌ని ఒకే లెఫ్ట్ హుక్‌తో (పక్కనుంచి తిప్పి కొట్టే ఎడమచేతి గుద్దుతో) పడగొట్టిన 1957 నాటికి ఆయనకి 35 ఏళ్లు. వెల్టర్‌వెయిట్‌గా మంచి ఊపులో ఉన్నప్పటి ఫిల్మ్ మిగిలిందే చాలా తక్కువ. ఆ ముక్క పాఠకుడికి దాచకుండా చెప్పు. చూసిందేదో, విన్నదేదో విడిగా కనబడితే నీ మాట మీద గురి కుదురుతుంది.

ఇప్పుడు 1981 సెప్టెంబరు 16 నాటి లియొనార్డ్-హెర్న్స్ ఫైట్. దీనికి నువ్వు రెండు వాక్యాలే ఇచ్చావు, నేనైతే వ్యాసమంతా దీని చుట్టూ తిప్పేవాణ్ని. లాస్ వెగాస్ సీజర్స్ ప్యాలెస్‌లో ఆరుబయట రింగు. టామీ హెర్న్స్ ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం, చేతుల చాపు 78 అంగుళాలు, కుడిచేతి దెబ్బకి పేరుమోసినవాడు. లియొనార్డ్‌ది చేతివేగం, కాలివేగం. ఆరు, ఏడు రౌండ్లలో లియొనార్డ్ హెర్న్స్‌ని గట్టిగా దెబ్బతీశాడు. అక్కడి నుంచి పాత్రలు తారుమారయ్యాయి. పంచ్‌నే నమ్ముకున్న హెర్న్స్ మునివేళ్ల మీద తిరుగుతూ జాబ్‌తో (ముందుచేతి సూటి గుద్దుతో) పాయింట్లు ఏరుకుంటుంటే, ఆడించాల్సిన లియొనార్డ్ వాచి మూసుకుపోతున్న ఎడమ కన్నుతో వెంటపడ్డాడు. 12వ రౌండ్ అయ్యాక ట్రైనర్ ఏంజెలో డండీ, ఫైట్ చేజారిపోతోందని లియొనార్డ్ మొహం మీదే అనేశాడు. 13లో హెర్న్స్ తాళ్లలోంచి బయటికి పడేంత పనైంది. 14లో రిఫరీ ఆపేశాడు. ఆపే సమయానికి ముగ్గురు జడ్జీల కార్డుల్లోనూ హెర్న్స్‌దే పైచేయి.

15 రౌండ్ల ఆ ఫైట్ 12 రౌండ్లదైతే హెర్న్స్ గెలిచి ఇంటికెళ్లేవాడు. మరుసటి ఏడాది, 1982 నవంబరులో, రే మాన్సినీతో ఆడిన కొరియా లైట్‌వెయిట్ కిమ్ డక్ కూ 14వ రౌండ్ దెబ్బలకి చనిపోయాడు. ఆ తర్వాతే టైటిల్ ఫైట్లు 15 నుంచి 12 రౌండ్లకి తగ్గుతూ వచ్చాయి. లియొనార్డ్‌కీ మేవెదర్‌కీ మధ్య ఆ మూడు రౌండ్ల తేడా ఉంది. చివరి మూడు రౌండ్ల కోసం ఊపిరి దాచుకోవాల్సిన వాడి ఆట మొదటి రౌండ్ నుంచే వేరేగా ఉంటుంది. మేవెదర్ 15 రౌండ్లు నిలబడగలడా అని అడిగి ఊరుకోకు, ఆ లెక్కతో ఆయన ఏ రౌండ్‌లో ఏం మార్చేవాడో ఊహించి రాయి. ఊహ అని మాత్రం ఒప్పుకుని రాయి. బరువూ అంతే. 147 పౌండ్ల హద్దు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. పాతవాళ్లని ఫైట్ రోజునే తూచేవారు, ఇప్పుడు ముందు రోజు తూస్తారు. రాత్రికి రాత్రి నీళ్లూ తిండీ పట్టించి బాగా బరువెక్కి రింగులోకి దిగుతారు. ఒలింపిక్స్ వెల్టర్‌వెయిట్ మళ్లీ వేరు. టోక్యోలో లవ్లీనా బోర్గొహాయ్ కాంస్యం గెలిచింది 69 కిలోల్లో, అంటే 152 పౌండ్లు. నువ్వు రెండూ కలిపేశావు, సరిచెయ్యి.

కాలాలు దాటి పోల్చాలంటే మనుషుల్ని పట్టుకుని వెళ్లు. 1938లో ఒకేసారి మూడు బరువుల్లో చాంపియన్‌గా ఉన్న హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్, ఆగకుండా మీదమీదకి వచ్చే మనిషి, దిగజారుతున్న రోజుల్లో 1943లో రాబిన్సన్‌తో ఆడాడు. మేవెదర్ తండ్రి 1978లో లియొనార్డ్‌తో ఆడి ఓడిపోయాడు. ఆ తండ్రే కొడుక్కి షోల్డర్ రోల్ నేర్పాడు. నువ్వు మేవెదర్‌ని మెచ్చుకున్నావు గానీ ఆ డిఫెన్స్ ఎలా పనిచేస్తుందో ఒక్క వాక్యం రాయలేదు. ఎడమ భుజం గడ్డం దాకా లేస్తుంది, ఎడమ చెయ్యి పొట్ట మీద అడ్డంగా, కుడి చెయ్యి చెంప దగ్గర. దెబ్బ భుజం మీద జారిపోతుంది, ఆ జారిన క్షణంలోనే కుడిచెయ్యి తిరిగి వస్తుంది. 2010 మేలో షేన్ మోస్లీతో రెండో రౌండ్ చూడు. మోస్లీ కుడిచేతి దెబ్బకి మేవెదర్ మోకాళ్లు వంగాయి. పట్టుకుని నిలదొక్కుకున్నాడు, పారిపోలేదు. తర్వాత రౌండ్లలో ముందుకొచ్చి మరీ కొట్టాడు. 50-0 కంటే ఆ నిమిషం ఎక్కువ చెబుతుంది.

నువ్వుండేది రాయపురంలో, అది గుర్తు చేస్తున్నాను. సార్పట్ట, ఇడియప్ప నాయకర్ పరంబరైల (బాక్సింగ్ గురుపరంపరల) పేర్లు ఇంకా వినబడే పేటలవి. 1980లో మహమ్మద్ అలీ వచ్చి జిమ్మీ ఎలిస్‌తో ఎగ్జిబిషన్ ఆడిన ఊరిది. అక్కడి పెద్దాయనని ఎవరినైనా ఎవరు గొప్ప అని అడిగితే రికార్డు చెప్పడు, లేచి నిలబడి ఫలానావాడి ఎడమచెయ్యి ఎలా వచ్చేదో చేసి చూపిస్తాడు. నీకూ ఆ చూపు కావాలి. ‘చెలరేగాడు’, ‘విరుచుకుపడ్డాడు’ అని స్పోర్ట్స్ పేజీల్లో రోజూ చూస్తాం. ఏ చెయ్యి, ఏ కాలు, ఎటు అడుగు పడింది, అవతలివాడు ఏం చూసి మోసపోయాడు, అది రాయి.

ఒక్క చోట మాత్రం నాకు కష్టమేసింది. రాబిన్సన్ పంచ్ ఎంత బలమైందో చెప్పడానికి 1947లో క్లీవ్‌లాండ్‌లో ఆయనతో ఆడిన జిమ్మీ డోయిల్ చావుని రుజువుగా వాడుకున్నావు. ఆ ఫైట్‌కి ముందు రాబిన్సన్‌కి అలాగే జరిగినట్టు కల వచ్చింది, ఆడనన్నాడు, సర్దిచెప్పి ఆడించారు. 1962లో ఎమిల్ గ్రిఫిత్ దెబ్బలకి బెన్నీ పారెట్ చనిపోయినప్పుడూ గ్రిఫిత్ జీవితాంతం దాన్ని మోశాడు. ఆ వాక్యం తీసెయ్యి. డోయిల్ గురించి రాయదలిస్తే విడిగా, పేరా నిండుగా రాయి.

2023 జులైలో క్రాఫర్డ్ స్పెన్స్‌ని మూడుసార్లు పడగొట్టి తొమ్మిదో రౌండ్‌లో ముగించిన భాగం బాగా వచ్చింది, ముట్టుకోకు. నా ఓటు రాబిన్సన్‌కే, నీ ఓటు మేవెదర్‌కైతే అలాగే ఉంచు, కారణాలు మార్చు చాలు. ముందు లియొనార్డ్-హెర్న్స్ పేజీలు తిరగరాసి తీసుకురా. ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను, మోస్లీ ఫైట్ కూడా ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య