ఆరుబయట పెళ్లి, ఆకాశంతో బేరం

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. పెళ్లి ఆరుబయటే కావాలి, వాన మాత్రం పడకూడదు, యాప్‌లో ఆ తేదీకి సూర్యుడి బొమ్మే ఉంది కాబట్టి పర్లేదు కదా బాబాయ్ అని అడిగావు. ఆ బొమ్మను నమ్ముకోకు. రెండు నెలల తర్వాత రోజుకు ఎండో వానో చూపించే యాప్ ఏదైనా సరే, ఏటా ఆ రోజుల్లో మామూలుగా ఎలా ఉంటుందో దాన్నే బొమ్మ వేసి పెడుతుంది, అంతకు మించి దానికి తెలిసిందేమీ ఉండదు. 1960ల్లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త చూపించింది ఇదే: ఈరోజు కొలతల్లో ఉన్న పిసరంత తేడా రోజులు గడిచేకొద్దీ పెరిగి పెరిగి మొత్తం అంచనానే మింగేస్తుంది. అందుకే రెండు వారాలు దాటాక ఫలానా రోజున వాన పడుతుందా లేదా అనేది ఎవరూ చెప్పలేరు. అమెరికా వాతావరణ సంస్థ నోవా లెక్క ప్రకారం అయిదు రోజుల ముందు చెప్పే అంచనా నూటికి 90 సార్లు సరిపోతుంది, ఏడు రోజులైతే 80, పది రోజులు దాటితే సగం సార్లే. సగం సార్లు అంటే ఇక బొమ్మా బొరుసే కదా. నువ్వు నిజంగా యాప్ చూడాల్సింది చివరి వారంలో. ఇప్పుడు చూసి సంతోషపడటమూ దండగే, భయపడటమూ దండగే.

మరి ఇప్పుడు చూడాల్సింది ఏంటంటే, ఆ ప్రాంతంలో గత ముప్పై ఏళ్ల లెక్కలు. వాతావరణ శాఖలు సగటులను సాధారణంగా ముప్పై ఏళ్లకు కట్టి పెడతాయి. అందులో కూడా నెలకు ఎన్ని మిల్లీమీటర్లు పడిందన్నది కాదు, ఎన్ని రోజులు పడిందన్నది చూడు. రెండు పెద్ద వానలతో కోటా అయిపోయే నెల వేరు, అదే వాన ఇరవై రోజులు తుంపర్లుగా పడే నెల వేరు, కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇంకోటి, ఏ వేళకు పడుతుందో కనుక్కో. ఎండలు బాగా ఉన్న రోజుల్లో నేల వేడెక్కి, తేమగాలి పైకి లేచి, సాయంత్రానికి ఉరుములతో కురవడం చాలాచోట్ల మామూలే. అలాంటి చోట పొద్దున పెట్టుకున్న పెళ్లి హాయిగా జరిగిపోతుంది, అదే పెళ్లి సాయంత్రం పెట్టుకుంటే గండం. అన్నిచోట్లా ఇలాగే ఉండదు, తెల్లవారుజామున కురిసే చోట్లూ ఉన్నాయి. అందుకే అక్కడ ఏళ్లుగా ఉంటున్నవాళ్లను అడుగు, ముఖ్యంగా ఆ స్థలాన్ని చూసుకునే మనిషిని. ఓనర్‌ని కాదు. ఓనర్ ఎప్పుడూ వాన పడదనే చెబుతాడు.

ఇక అసలు విషయం. వానని ఆపలేం, కానీ "లోపలికి మారుద్దాం" అనే మాట ఎవరు అనాలి, ఎప్పుడు అనాలి అన్నది మన చేతిలో ఉంటుంది. నేను చూసిన పెళ్లిళ్లలో పాడైపోయినవి వానవల్ల పాడైనవి తక్కువ, ఏ సంగతీ తేల్చుకోలేక ఆకాశం వంక చూస్తూ కూర్చోవడం వల్ల పాడైనవే ఎక్కువ. ఒకరు "ఇంకో పావుగంట చూద్దాం" అంటారు, ఇంకొకరు "అదిగో అటువైపు తెల్లగా అయింది" అంటారు, ఈలోగా డెకరేషన్ వాళ్లు పూలు పట్టుకుని ఎటు పోవాలో తెలీక నిలబడతారు, చినుకులు మొదలయ్యాక అందరూ ఒకేసారి కుర్చీలు ఎత్తుతారు. కాబట్టి ఒక్క మనిషిని పెట్టు. నువ్వు కాదు, అబ్బాయి కాదు, మీ అమ్మానాన్నలు అసలే కాదు, ఆ రోజు మీ ఎవరి బుర్రా పనిచేయదు. డబ్బు మీద గానీ డెకరేషన్ మీద గానీ మమకారం లేని, గట్టిగా మాట్లాడగలిగే ఒక స్నేహితురాలో, పెద్దమ్మ కొడుకో. ఆ మనిషి మాటే ఫైనల్ అని మిగతా అందరికీ ముందే చెప్పేయాలి.

టైమ్ కూడా వెనక నుంచి లెక్కేసుకో. సామానంతా లోపలికి మార్చడానికి నాలుగు గంటలు పడుతుందని టెంట్ వాళ్లూ, సౌండ్ వాళ్లూ, డెకరేషన్ వాళ్లూ కలిసి చెప్పారనుకో, పెళ్లి టైమ్‌కి అయిదారు గంటల ముందే తేల్చేయాలి. ఒకసారి లోపలికి అన్నాక మళ్లీ బయటికి వద్దు. ఎండ పెళపెళా కాసినా వద్దు. ఎవరో ఒక మామయ్య తప్పకుండా అంటాడు, చూశారా వాన రాలేదు, అనవసరంగా మార్చారు అని. అననీ.

ఇదంతా జరగాలంటే లోపలి ఏర్పాటు నీకు నిజంగా నచ్చాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. రెండో ప్లాన్ అంటే ఏదో మూలనున్న గది, సగం మందికి కూడా చోటు లేనిది, పేరుకు రాసి పెట్టుకుంటారు. నచ్చని చోటికి మారాలని ఎవరికీ ఉండదు, అందుకే ఆఖరి నిమిషం దాకా బయటే వేలాడతారు. ఆ హాల్లో మొత్తం జనం పడతారా, వేదిక ఎక్కడ వస్తుంది, మైకులకూ ఫ్యాన్లకూ సరిపడా కరెంటు ఉందా, కిటికీల నుంచి వెలుతురు ఎటు పడుతుంది, ఇవన్నీ ఇప్పుడే చూసుకో. ఫొటోగ్రాఫర్‌ని కూడా అక్కడికి ఒకసారి తీసుకెళ్లు. మబ్బు పట్టిన రోజు నీడలు గాఢంగా పడవు కాబట్టి మొహాలు చక్కగా వస్తాయని ఆయనే చెబుతాడు, నీకు కాస్త ధైర్యం వస్తుంది.

టెంట్ వేస్తాం కదా, సరిపోతుందిలే అనుకుంటున్నావేమో. ఎండ కోసం వేసే గుడ్డ వేరు, వాన ఆపే టెంట్ వేరు, బుక్ చేసేటప్పుడు ఏదో అడిగి తెలుసుకో. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు, అంటే కిలో బరువు. పది మీటర్ల వెడల్పు, ఇరవై మీటర్ల పొడవు టెంట్ మీద 25 మిల్లీమీటర్లు కురిస్తే అయిదు వేల లీటర్లు, అయిదు టన్నులు. వాలు సరిగా ఉండి, గుడ్డ బిగుతుగా ఉంటే అదంతా జారిపోతుంది. వదులుగా ఉంటే మధ్యలో గుంట పడి, నీళ్లు నిలిచి, ఆ బరువుకు గుంట ఇంకా లోతై, చివరికి పైపులతో సహా కిందికి వస్తుంది. జారిన నీళ్లు ఎటు పోతాయో కూడా చూడాలి, రెండు టెంట్లు కలిసే చోట సందులోంచి సరిగ్గా పెద్దవాళ్ల నెత్తి మీదే ధార కడుతుంది.

వానకంటే నాకు గాలి భయం. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది, అంటే గంటకు 30 కిలోమీటర్ల గాలికి నిలబడిన టెంట్ 60కి కూడా నిలబడుతుందని అనుకోవడానికి లేదు. టెంట్ వాళ్లను సూటిగా అడుగు: ఎంత గాలి దాకా ఇది ఆగుతుంది, మేకులు ఎంత లోతు దిగుతాయి, మేకులు దిగని గచ్చు నేలయితే బరువులు ఏం పెడతారు, గాలి ముదిరితే జనాన్ని ఖాళీ చేయమని మీలో ఎవరు చెబుతారు. "ఏం కాదమ్మా, మేం ఎన్ని చూశాం" అని నవ్వేవాడి దగ్గర బుక్ చేయకు.

పిడుగుల సంగతి మాత్రం బేరాలు లేవు. టెంట్ పిడుగు నుంచి కాపాడదు, చెట్టు అంతకన్నా కాపాడదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి మూడు సెకన్లకూ ఒక కిలోమీటరు దూరం, కానీ లెక్కలు కడుతూ కూర్చోకండి, ఉరుము వినిపించిందంటే మీరు ఇప్పటికే దాని అందుబాటులో ఉన్నట్టే. పక్కా భవనంలోకో, తలుపులు మూసిన కార్లలోకో వెళ్లాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే బయటికి రావాలి. అందుకే నడిచి చేరుకునే దూరంలో పక్కా కట్టడం లేని స్థలం ఎంత అందంగా ఉన్నా వదిలేయమంటాను.

నేల గురించి ఎవరూ ఆలోచించరు. పైనుంచి పడేదాన్ని ఆపినా కింద నుంచి పారేదాన్ని ఆపలేం, పైగా బురదలో పెళ్లి బట్టల అంచులు, హీల్స్, చక్రాల కుర్చీ ఏమవుతాయో నేను చెప్పక్కర్లేదు. నడిచే దారి మీద చెక్క పలకలు పరిపించు. కార్లు పెట్టే చోటు మెత్తటి నేలయితే వాన తర్వాత ఒక్కటీ బయటికి రాదు.

కరెంటు విషయంలో తీగల జాయింట్లు నేల మీద పడి ఉండకూడదు, 30 మిల్లీ యాంపియర్ల లీకేజీకే కరెంటు కట్టేసే ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ని అడుగు. జనరేటర్‌ని తడుస్తుందని చెప్పి టెంట్ లోపలికి తోస్తారు కొందరు, ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, మనుషుల్ని చంపేస్తుంది. దూరంగా, దానికంటూ వేరే కప్పు కింద ఉండాలి.

వాన గోలలో పడి ఎండని మర్చిపోకు. నీడ, తాగునీళ్లు, ముసలివాళ్లు కూర్చోవడానికి చల్లటి గది ఒకటి. పెళ్లి జరిగే వేళకు సూర్యుడు ఎటుంటాడో చూసి కుర్చీలు వేయించు, లేకపోతే జనం నిన్ను చూడరు, చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంటారు. వండిన భోజనం మామూలుగా రెండు గంటలకు మించి బయట ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన రోజున గంటే.

చివరి వారంలో యాప్ చూస్తావు కదా, 40 శాతం వాన అని ఉంటే రోజులో 40 శాతం సేపు పడుతుందని కాదు. అలాంటి రోజులు వంద తీసుకుంటే నలభై రోజులు ఆ చోట వాన పడుతుందని. ఎంత పడుతుందో, ఎంతసేపు పడుతుందో అది చెప్పదు. 80 శాతం తుంపర్లకంటే 30 శాతం ఉరుముల వాన ప్రమాదం. ఆ రోజు పొద్దున నుంచి శాతాలు మానేసి రాడార్ చూడమని నువ్వు పెట్టిన మనిషికి చెప్పు, మబ్బు ఎటు కదులుతోందో అందులో కళ్లకు కనిపిస్తుంది.

డబ్బుల విషయం కాగితం మీద ఉండాలి. తేదీ మారితే అడ్వాన్స్ ఏమవుతుంది, లోపలికి మార్చినందుకు అదనంగా తీసుకుంటారా, మొదటి రోజే రాయించుకో. వాన పడిందని సాధారణంగా ఎవరూ డబ్బు వెనక్కివ్వరు, వాళ్లు వచ్చారు కదా మరి. ఇన్సూరెన్స్ తీసుకునేట్టయితే ఇప్పుడే తీసుకో, తుఫాను పేరు వార్తల్లోకి వచ్చాక ఎవరూ ఇవ్వరు. వట్టి వానకు కాకుండా పెళ్లి అసలు జరపలేని పరిస్థితికే అది వర్తించడం మామూలు, చిన్న అక్షరాలు మీ నాన్నతో చదివించు, ఆయనకి అలాంటివి ఇష్టం.

మీరిద్దరూ, పెళ్లి జరిపించే ఆయనా, రెండు వైపుల తల్లిదండ్రులూ ముందు రోజుకే అక్కడ ఉండండి. మిగతావాళ్లు ఆలస్యమైనా పెళ్లి ఆగదు. "స్థలం మారింది, లోపలికి రండి" అనే మెసేజ్ మ్యాప్‌తో సహా ఇప్పుడే రాసి ఉంచు, ఆ రోజు పంపడమే మిగలాలి.

ఈసారి ఆ చుట్టుపక్కల గట్టి వాన పడ్డ మర్నాడే ఆ స్థలానికి వెళ్లు, నీళ్లు ఎక్కడ నిలిచాయో ఫొటోలు తీసి నాకు పంపు. లోపలి హాల్ కొలతలు కూడా. అవి చూశాకే అడ్వాన్స్ ఇవ్వాలో వద్దో మాట్లాడుకుందాం.

మీ బాబాయి