డ్వొరాక్‌కు మారితే టైపింగ్ వేగం పెరుగుతుందా?

ప్రశ్న: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) జరిపే సీహెచ్ఎస్ఎల్ పరీక్షలోని టైపింగ్ టెస్టుకు ప్రిపేరవుతున్నాను. రెండు నెలలుగా నిమిషానికి 28 పదాల దగ్గరే ఆగిపోయాను. కీబోర్డు మీద అక్షరాలు వేరే వరసలో ఉండే డ్వొరాక్ లేఅవుట్ నేర్చుకుంటే వేగం పెరుగుతుందని స్నేహితుడు అంటున్నాడు. మారమంటారా? తెలుగు టైపింగ్‌కూ ఇలాంటిదేమైనా ఉందా?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఈ సమయంలో మాత్రం మారకండి. ఇంగ్లిష్‌లో మీకు కావాల్సింది నిమిషానికి 35 పదాలు, అంటే పది నిమిషాల్లో సుమారు 1,750 కీలు. అది క్వర్టీ మీద, అంటే మనం రోజూ వాడే కీబోర్డు అమరిక మీద, మామూలు సాధనతో వచ్చే వేగమే. పరీక్ష హాల్లో మీ ముందుండేదీ క్వర్టీ కీబోర్డే.

ఆగస్ట్ డ్వొరాక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1936లో పేటెంట్ పొందిన ఆ డ్వొరాక్ అమరిక మంచిదే. అచ్చులన్నీ మధ్య వరసలో ఎడమచేతి కిందే ఉంటాయి. ఇంగ్లిష్‌లో మాటిమాటికీ వచ్చే టీ, హెచ్, ఈ అక్షరాలకు వేళ్లు ఆ వరస దాటక్కర్లేదు. చేతికి హాయి. వేగం సంగతి వేరు. 1956లో అమెరికా ప్రభుత్వం కోసం ఎర్ల్ స్ట్రాంగ్ జరిపిన పరీక్షలో, డ్వొరాక్‌కు మారిన టైపిస్టులు రోజుకు నాలుగు గంటలు సాధన చేసినా పాత వేగం అందుకోవడానికే 25 రోజులు దాటింది. ఆ తర్వాత కూడా, అదనపు శిక్షణ పొందిన క్వర్టీ టైపిస్టులను వాళ్లు మించలేకపోయారు.

28 దగ్గర ఆగిపోయినవాళ్లలో నేను ఎక్కువగా చూసేది రెండు అలవాట్లు: కీబోర్డు వంక చూడటం, తప్పు పడగానే కంగారుగా బ్యాక్‌స్పేస్ కొట్టడం. చేతుల మీద తువాలు కప్పుకోండి. ఎఫ్, జే కీల మీదుండే చిన్న గీతలను చూపుడు వేళ్లతో తడిమి చూసుకుని మొదలుపెట్టండి. మొదటి వారం వేగం తగ్గుతుంది, భయపడకండి.

తెలుగుకైతే నా జవాబు వేరు. ఇక్కడ లేఅవుట్ మారిస్తే నిజంగానే కీలు తగ్గుతాయి. 'నగరం' అన్న మాటను ఇంగ్లిష్ అక్షరాలతో రాస్తే ఏడు కీలు నొక్కాలి. భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్‌లో న, గ, ర, సున్న... నాలుగే! హల్లులోనే 'అ' ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా కొట్టే పనిలేదు. గుణింతాలు దాదాపు అన్నీ ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉండటంతో రెండు చేతులూ వంతులవారీగా కదులుతాయి. ఒత్తుల మాటల్లో మాత్రం లాభం తక్కువ: షిఫ్ట్‌ను లెక్కించకపోతే, 'అమ్మ'కు రెండు పద్ధతుల్లోనూ నాలుగు కీలే. పరీక్ష అయ్యాక విండోస్ సెట్టింగ్స్‌లో తెలుగు భాషను చేర్చుకుని రోజూ అరగంట కేటాయించండి.