క్వార్టర్‌ను ఒక్కటిగా లెక్కపెట్టకు

చిరంజీవి హారికకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రశ్నపత్రం రెండుసార్లు చదివాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుర్రాళ్ళు మందు, గంజాయి ఏ మేరకు వాడుతున్నారు, దానికీ వాళ్ళ టెన్షన్‌కీ నిద్రకీ ఏమైనా సంబంధముందా అన్నది నీ టాపిక్. మంచిదే. కాకపోతే ప్రశ్నలన్నీ లైబ్రరీలో కూర్చుని రాసినట్టున్నాయి. డీఅడిక్షన్ సెంటర్లో ఇన్నేళ్ళు తాగేవాళ్ళ ఎదురుగా కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను. మీ గైడ్‌గారితో ఒకసారి మాట్లాడి, ఆపైన నీ ఇష్టం.

ముందు మందు లెక్క. నువ్వు పెట్టుకున్న ఆడిట్ (AUDIT) తాగుడు ఏ మేరకు ఉందో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించిన పది ప్రశ్నల పరీక్ష. మొత్తం 40 మార్కులు. 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఆ తాగుడు ముప్పు తెచ్చేదేనని అర్థం. రెండో ప్రశ్న, తాగిన రోజున ఎన్ని డ్రింకులు తాగుతావని. మనవాడు "ఒక్క కోటరే మేడం, అంతకుమించి నేదు" అంటాడు. నువ్వు 'ఒకటి లేదా రెండు' అన్న గడిలో టిక్కు పెడతావు. నీ థీసిస్ అక్కడే మునిగిపోతుంది.

ఆ పరీక్షలో డ్రింకు అంటే 10 గ్రాముల ఆల్కహాలు. మన బ్రాందీ, విస్కీల్లో ఆల్కహాలు 42.8 శాతం ఉంటుంది కాబట్టి 30 మి.లీ. పెగ్గు ఒక డ్రింకు. క్వార్టర్ 180 మి.లీ., అంటే ఆరు డ్రింకులు. 5 శాతం ఉన్న 650 మి.లీ. బీరు సీసా రెండున్నర, 8 శాతం స్ట్రాంగ్ బీరైతే నాలుగు. ఇప్పుడు రోజూ క్వార్టర్ వేసే మనిషిని తీసుకో. వారంలో ఎన్నిసార్లన్న మొదటి ప్రశ్నకి 4, ఎన్ని డ్రింకులన్న రెండోదానికి 2, ఒకే విడతలో ఆరు గానీ ఇంకా ఎక్కువ గానీ ఎన్నాళ్ళకోసారన్న మూడోదానికి మళ్ళీ 4. మూడు ప్రశ్నలకే 10 వచ్చేశాయి. క్వార్టర్‌ను ఒకటిగా రాసుకుంటే అదే మనిషికి ఆ మూడింటికీ కలిపి వచ్చేవి 4. ఇలాంటివాళ్ళు ఊరికి పదిమంది ఉంటే, ఊళ్ళో తాగుడు సమస్యే లేదని నువ్వు రిపోర్టు రాసి ఇస్తావు. అందుకని ఖాళీ క్వార్టర్ సీసా ఒకటి, స్టీలు గ్లాసు ఒకటి సంచిలో వేసుకెళ్ళు. "ఎంత వరకు పోస్తావు, వేలు పెట్టి చూపించు" అని అడుగు. సీసా పట్టుకు తిరుగుతున్నావని మీ అమ్మ గొడవ చేస్తుంది, నేను చెప్పుకుంటాలే.

తాటికల్లును మాత్రం డ్రింకుల్లోకి మార్చే సాహసం చేయకు. పొద్దున దించిన కల్లు వేరు, సాయంత్రానికి పులిసిన కల్లు వేరు. నాటుసారా సీసాకి లేబులే ఉండదు. ఏ పూట తాగాడు, ఎన్ని గ్లాసులు, ఎంతమంది పంచుకున్నారు అని విడిగా రాసుకో.

"గత నెలలో ఎన్ని రోజులు తాగారు?" అని నేరుగా అడిగితే ఎవరికీ గుర్తుండదు, ఏదో ఒక అంకె పడేస్తారు. సోబెల్ దంపతులని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు తయారుచేసిన క్యాలెండర్ పద్ధతి ఉంది, దాన్ని వాడు. తొంభై రోజుల క్యాలెండర్ ముందేసుకుని పండగలు, పెళ్ళిళ్ళు, కూలి డబ్బులు చేతికొచ్చిన రోజుల మీద గుర్తులు పెడుతూ వెనక్కి వెళ్ళడమే. విజయనగరంలో అయితే సిరిమానోత్సవం నాడు ఎక్కడున్నావని మొదలుపెట్టు, పల్లెల్లో గైరమ్మ సంబరాలు, కనుమ. మత్స్యకారుల ఊళ్ళో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలల తాగుడు, వేట ఉన్న రోజుల తాగుడు ఒకటి కావు. వేట పనికి గుజరాత్ వీరావల్ వెళ్ళి వచ్చే కుర్రాళ్ళయితే ఊళ్ళో ఉన్నదెప్పుడో కూడా రాసుకో.

కార్తీకంలో సర్వేకి వెళ్తే ఊరంతా సాత్వికులే కనిపిస్తారు. అయ్యప్ప మాలలో ఉన్నవాడు కిందటి నెల చుక్క ముట్టలేదంటే అబద్ధం కాదు. దాన్ని సున్నాగా రాసుకుని వచ్చేయకుండా ఇంకో రెండు ప్రశ్నలు వెయ్యి. మాల వేసిన మొదటి రోజుల్లో చేతులు వణికాయా, చెమటలు పట్టాయా, నిద్ర పట్టిందా? ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఉన్నపళంగా మానేస్తే తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి మతి తప్పి, లేనివి కనబడి, కేకలు పెట్టవచ్చు. స్వామి పూనాడని ఇంట్లోవాళ్ళు హారతి పట్టిన కేసులు చూశాను. ఇది ప్రాణం మీదికొచ్చే సంగతి. కాబట్టి అలాంటివాడు "రేపట్నుంచి మానేత్తాను మేడం" అని నీకు మాటిస్తే మురిసిపోకు. డాక్టరుకి చూపించుకుని, ఆయన రాసిచ్చిన మాత్రలు వాడుతూ మానమని చెప్పు.

ఇక గంజాయి. మన శ్రీకాకుళం జిల్లాకి పొగ పరిశోధన కొత్తేమీ కాదు. నోటి క్యాన్సర్ మీద ఐదు జిల్లాల్లో యాభై వేల మందికి పైగా పల్లెజనాన్ని పరీక్షించి 1969లో ప్రచురించిన పెద్ద సర్వేలో మన జిల్లా కూడా ఉంది. ఇక్కడ అడ్డపొగ ఉంది కదా. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అవ్వ అరుగు మీద కూర్చుని అన్నీ చెప్తుంది, దాచేదేముంది! గంజాయి తాగే కుర్రాడు చెప్పడు. తాగడమే నేరం, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఆరు నెలల దాకా జైలు. నువ్వు రాసుకున్న కాగితాలు పోలీసులు అడిగితే చట్టం అడ్డుపడుతుందని భరోసా పెట్టుకోకు. పేరు, ఫోన్ నంబరు, ఇంటి గుర్తు ఏదీ రాయకు. ఎవడు అమ్ముతాడు, ఎక్కడ దొరుకుతుంది అన్న ప్రశ్న నీ పత్రంలో ఉంది, దాన్ని ఈ రోజే కొట్టేయ్. కాలేజీలో పోలీసుల అవగాహన సదస్సు జరిగిన వారంలో అస్సలు వెళ్ళకు, అందరూ బుద్ధిమంతులే తగులుతారు. మూత్ర పరీక్ష ఆలోచన కూడా మానుకో. రోజూ తాగేవాడికి మానేసిన వారాల తర్వాత కూడా పాజిటివ్ రావచ్చు, పైగా ఆ డబ్బా చూపిస్తే ఎవడూ నోరు విప్పడు.

ఇంటింటికీ తిరిగితే గంజాయి వాడేవాళ్ళు నీకు సరిపడా దొరకరు. ఎయిమ్స్ చేసి 2019లో విడుదలైన జాతీయ సర్వేలో 10 నుంచి 75 ఏళ్ళ వాళ్ళలో మందు తాగేవాళ్ళు 14.6 శాతం, గంజాయి, భంగు లాంటివి వాడేవాళ్ళు 2.8 శాతం. ఆ లెక్కన 300 మందిని అడిగితే ఎనిమిది మంది. నమ్మకం కుదిరిన ఒకరి ద్వారా మరొకరిని కలిసే పద్ధతే నీకు దారి. పద్దెనిమిది నిండనివాళ్ళ జోలికి పోకు. వాళ్ళకి తల్లిదండ్రుల అనుమతి కావాలి, అది అడగడమంటే పిల్లాణ్ణి పట్టివ్వడమే.

గంజాయికి పెగ్గు లాంటి కొలత లేదు. పొట్లం ఎన్నాళ్ళు వస్తుంది, ఎంతమంది తాగుతారు, రోజు మొత్తంలో మొదటిది ఎన్నింటికి అని అడుగు. సిగరెట్ పొగాకులో కలిపి తాగుతారు కాబట్టి పొగాకు సంగతి తప్పకుండా అడుగు, లేకపోతే గుంజేది గంజాయో నికోటినో నీకు తెలియదు. ఒకే పూట మందూ గంజాయీ రెండూ వాడేవాడు, వేర్వేరు రోజుల్లో వాడేవాడు ఒకటి కాదు. క్యాలెండర్‌లో రెండు రంగుల పెన్నులు వాడితే ఆ తేడా నీకే కనబడుతుంది.

గంజాయి వల్లే టెన్షన్, నిద్రలేమి వస్తున్నాయని రాయాలని నీకు తొందరగా ఉంది. ఒక్కసారి చేసే సర్వేతో అది తేలదు. స్వీడన్‌లో 45 వేలకు పైగా సైనిక శిక్షణ కుర్రాళ్ళను పదిహేనేళ్ళు గమనించి 1987లో ఒక పరిశోధన ప్రచురించారు. 50 సార్లకు మించి గంజాయి తాగామని చెప్పినవాళ్ళలో స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఆరు రెట్లు కనబడింది. తర్వాత మిగతా కారణాలు కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ రెట్లు తగ్గాయి, సంబంధం మాత్రం మిగిలింది. అంత పెద్ద పరిశోధనకే అన్ని సవరణలు! నువ్వు కనీసం నిద్ర పట్టకపోవడం ఏ వయసులో మొదలైంది, గంజాయి ఏ వయసులో అని విడివిడిగా అడుగు. "నిద్ర కోసమే తాగుతున్నా" అనేవాణ్ణి, మధ్యలో మానేసినప్పుడు ఎలా ఉందని అడుగు. మానేసిన మొదటి వారం పది రోజులు నిద్ర పట్టకపోవడం, చిరాకు మామూలే. దాన్ని చూసి నాకు గంజాయే మందు అనుకునేవాళ్ళు చాలామంది.

ఇంకో చిన్న సంగతి. 2022లో జిల్లాలు విడగొట్టారు. సీతంపేట, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్ళాయి. పాత సర్వేల శ్రీకాకుళం అంకెల పక్కన నీ అంకెలు పెట్టేటప్పుడు ఇది చూసుకో.

మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, ఈ రెండు నంబర్లూ చీటీ మీద అచ్చేయించి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఇవ్వు. ఎథిక్స్ కమిటీ కాగితం చేతికి రాకుండా ఊళ్ళోకి అడుగు పెట్టకు. వచ్చాక ముందు మన వీధిలో నలుగురైదుగురితో పత్రం నింపించి చూద్దాం. ఆదివారం రా, పొద్దున పూట అయితే అందరూ తెలివిలో ఉంటారు.

ఇట్లు,
మీ పెదనాన్న,
విజయనగరం